ఆరో ప్రశ్న

ముప్ఫై రెండేళ్ళు కోర్టు వరండాలో నిలబడి వాదుల పేర్లూ ప్రతివాదుల పేర్లూ మూడేసి సార్లు పిలిచిన గొంతు ఆయనది. రోడ్డవతల టీకొట్టు బెంచీ మీద కునుకు తీస్తున్నవాడు కూడా ఆ పిలుపుకి ఉలిక్కిపడి, చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చేవాడు. ఉద్యోగం అయిపోయి మూడేళ్ళయినా పేటలో అందరికీ ఆయన బంట్రోతుగారే. ఉద్యోగానికి వయసైపోయింది గాని గొంతుకి కాలేదు. "మీరు గుసగుసలాడితే నాలుగిళ్ళ అవతల పసిపిల్లలు లేచి ఏడుస్తారు" అనేది ఆయన భార్య. అందులో అబద్ధం కొంచెమే.

ఇంట్లో ఖాళీగా కూర్చుని ఆవిడ ఊడ్చిన చోట మళ్ళీ దుమ్ము చూపించడం మొదలుపెట్టేసరికి, ఆవిడే ఆయన్ని మసీదు పక్కనున్న సహాయ సంఘానికి తరిమింది.

సంఘం అంటే రెండు గదులు. ముందు గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడవారగా మడిచి పెట్టిన రెండు చక్రాల కుర్చీలు. వెనక గదిలో బియ్యం బస్తాలు, పప్పు, నూనె డబ్బాలు, దుప్పట్లు. బయట ఒక పాత వ్యాను. కళ్ళజోళ్ళ దుకాణం హాజీగారు దానికి పెద్ద. కలిగినవాళ్ళు ఏటా తమకున్నదాంట్లోంచి తప్పనిసరిగా తీసి ఇవ్వాల్సిన జకాత్, ఆపైన ఎవరికి తోచింది వాళ్ళిచ్చేది, ఈ రెంటితో సంఘం నడుస్తుంది. మగదిక్కు లేని ఇళ్ళకు నెలనెలా సరుకులు, మంచాన పడ్డవాళ్ళకు మందులు. ఏ మతం అని అడిగే అలవాటు హాజీగారికి లేదు. "ఆకలికి పేరు పెట్టలేదు కదా ఎవరూ" అనేవాడు.

బంట్రోతుకి అప్పగించిన పని విచారణ. సాయం అడిగినవాళ్ళ ఇంటికి వెళ్ళి, పరిస్థితి చూసి, రాసుకురావడం. ఆయన వచ్చేదాకా అది నోటిమాటగా జరిగేది. ఇది పద్ధతి కాదని ఆయనకు అనిపించింది. కోర్టు కాగితాల భాష ఒంటబట్టినవాడు గనక, కూర్చుని స్వయంగా ఒక ఫారం తయారుచేశాడు. పదకొండు ప్రశ్నలు. ఆరోది ఇది: "ఇంటి మీద భారంగా ఉన్నవారు ఎంతమంది? ఎవరెవరు?"

హాజీగారు చదివి, కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, "బాగానే ఉంది" అన్నాడు. భారం అన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు.

ఒక గురువారం పొద్దున బంట్రోతు ఐస్ ఫ్యాక్టరీ వెనక సందులోకి వెళ్ళాడు. అక్కడ ఒంటిగది ఇంట్లో ఒకామె ఉంటోంది. చొక్కాలకు కాజాలు కుట్టి, గుండీలు వేసి ఇస్తుంది. సందులో అందరూ కాజాలమ్మాయి అంటారు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. మొగుడు లారీ డ్రైవరు. రెండేళ్ళ క్రితం, మలుపులో లారీ బోల్తాపడి పోయాడు. ఏడేళ్ళ కూతురు. మామగారు తాపీ మేస్త్రీ. షుగరు వ్యాధితో రెండు కళ్ళూ పోయాయి. కొడుకు పోయాక ఆ ముగ్గురే మిగిలారు.

తలుపు సగమే తెరిచి ఆమె బయటికొచ్చింది. వెనకనుంచి తలుపు దగ్గరికి లాగింది. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కున్న అంగుస్తానా ఇంకా తియ్యలేదు.

"కొంచెం మెల్లగా మాట్లాడండి. మామయ్య లోపల ఉన్నారు" అంది.

"నిద్రపోతున్నారా? ఎంతసేపమ్మా, పది నిమిషాలు" అన్నాడు బంట్రోతు. ఆయన నిజంగానే గొంతు తగ్గించాడు. ఆయన తగ్గించిన గొంతు ఎదురింటివాళ్ళు వినగలిగేంత.

మొదటి ప్రశ్న, రెండో ప్రశ్న. ఎదురింట్లో బియ్యం ఏరుకుంటున్న ముసలావిడ చేట పక్కన పెట్టింది. కాజాలమ్మాయి కళ్ళు నేలమీంచి ఎత్తకుండా సమాధానాలు చెప్పింది. ఆరో ప్రశ్నకి వచ్చాడు.

"ఇంటి మీద భారంగా ఉన్నవారు ఎంతమంది?"

ఆమె మాట్లాడలేదు.

"ఇది రాయకపోతే కుదరదమ్మా. ఎంతమంది?"

"ఒకరు" అంది, ఇంకెవరో చెబుతున్నట్టు.

"ఒకరు" అని పైకి చదువుతూ రాసుకున్నాడు. కోర్టులో గుమాస్తా చెప్పింది తిరిగి చెప్పి ఖాయం చేసుకోవడం అలవాటు. "ఎవరు, మామగారేనా? మామగారు. చూపు లేదు. ఏ పనీ చెయ్యలేడు. అంతేగా?"

ఆమె తలూపింది. ఆయన మిగతా అయిదు ప్రశ్నలూ పూర్తిచేసి, సంతకం చేయించుకుని, "అధైర్యపడకు తల్లీ, నేను గట్టిగా రాస్తాను" అని చెప్పి వెళ్ళిపోయాడు. చెప్పినట్టే గట్టిగా రాశాడు కూడా. ఆదివారానికల్లా బియ్యం, పప్పు, నూనె, పంచదార లేని బిస్కెట్ పొట్లం ఆ ఇంటికి చేరాయి. ఒక మంచి పని చేశానన్న తృప్తితో ఆ పూట బంట్రోతు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున, ఎదురింటి ముసలావిడ సంఘం గుమ్మంలోకి రొప్పుతూ వచ్చింది. "మేస్త్రీ పడిపోయాడు. మనిషి తెలివిలో లేడు. మీ బండి పంపండి" అంది.

బంట్రోతు డ్రైవరుతో పాటు తానూ వ్యాను ఎక్కాడు. మేస్త్రీ మంచానికీ నీళ్ళ కుండకీ మధ్య పడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. కుడికాలు పక్కకు తిరిగిపోయి ఉంది. కాజాలమ్మాయి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని "మామయ్యా, మామయ్యా" అంటోంది గాని ఏడవడం లేదు. నలుగురూ కలిసి దుప్పట్లో ఎత్తి వ్యానులో పడుకోబెట్టారు.

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించాక మనిషి కదిలాడు. పడ్డప్పుడు తుంటి ఎముక విరిగిందని ఎక్స్‌రే తీసి చెప్పారు. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, నిద్ర లేని కళ్ళతో ఉన్నాడు.

"పొద్దున ఇన్సులిన్ వేశారా?"

"వేశానండి, రోజూ నేనే వేస్తాను."

"తరవాత అన్నం తిన్నాడా?"

"తిన్నారండి. పళ్ళెం చేతికిచ్చి నేను కుట్టుపనికి కూర్చుంటాను. ఖాళీ పళ్ళెం ఇస్తారు."

"తినలేదమ్మా. సూది వేయించుకుని తినకపోతేనే షుగరు ఇంతలా పడిపోతుంది. ఇవాళ ఒక్కరోజు కాదిది. మనిషి నాలుగైదు రోజులుగా సరిగ్గా తిన్నట్టు లేడు."

ఆమె వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. కాసేపటికి అంది: "వారంగా గిన్నెలో అన్నం మిగులుతోంది. పాపకి రెండోసారి పెట్టినా మిగులుతోంది. దేవుడు బరకత్ ఇచ్చాడనుకున్నాను. కొంచెమే వండినా తరగకుండా చేస్తున్నాడనుకున్నాను."

ఆమె వెలుతురు కోసం గుమ్మంలోకి వెళ్ళి అటు తిరిగి కుట్టు మొదలుపెట్టగానే, మేస్త్రీ గోడ తడుముకుంటూ వెళ్ళి పళ్ళెంలో అన్నం మళ్ళీ గిన్నెలో పోసి మూత పెట్టేవాడన్నమాట. రెండు ముద్దలు తిన్నట్టు చప్పుడు చేసి, పళ్ళెం కడిగి ఇచ్చేవాడు.

మధ్యాహ్నానికి మేస్త్రీకి పూర్తిగా తెలివొచ్చింది. కోడలు మంచం మీదకు వంగింది. "ఎందుకిలా చేశారు మామయ్యా?" అంది.

"భారం ఒకటి తగ్గితే మీరిద్దరూ తేలిగ్గా బతుకుతారని" అన్నాడు మేస్త్రీ. అందులో నిష్ఠూరం లేదు. ఇటుకలు ఎన్ని పడతాయో చెప్పినట్టు చెప్పాడు.

మంచం కాళ్ళవైపు మందుల చీటీ పట్టుకుని నిలబడ్డ బంట్రోతుకి ఆ మాట తన ఆరో ప్రశ్నలోదేనని తెలిసింది. కాజాలమ్మాయి తలెత్తి ఆయన్ని చూసింది. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండునని ఆయనకు ఆ తరవాత చాలాసార్లు అనిపించింది.

ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే కూర్చున్నాడు. భార్యకు జరిగింది చెప్పాడు.

"నా గొంతే నాకు శత్రువైంది. ఆవిడ మెల్లగా అనమంది. నాకు చేతకాలేదు" అన్నాడు.

ఆవిడ ఆకుకూర తుంచుతోంది. "పాపం గొంతునెందుకు తిడతారు? అది మీరు చెప్పమన్నదే చెప్పింది. మెల్లగా చెప్పినా భారం భారమే కదా. నేను మీకు వండిపెట్టలేక మంచాన పడితే మీ ఫారంలో నన్ను ఏ గడిలో రాస్తారు?" అంది.

ఆయన లేచి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాడు. తుంటికి ఆపరేషన్ చెయ్యాలంటే ముందు షుగరు అదుపులోకి రావాలి. పది రోజులైనా పడుతుందన్నారు. కాజాలమ్మాయి మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఇంట్లో కుట్టాల్సిన చొక్కాలు నూటికి పైగా ఉన్నాయి. వచ్చే శనివారానికి ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. పాపను బడికి పంపాలి. రోగి పక్కన మాత్రం మనిషి ఉండి తీరాలి.

"పగలు నేను కూర్చుంటానమ్మా" అన్నాడు బంట్రోతు.

"మీరా?"

"నేనే."

వేరే దారి ఉంటే ఒప్పుకునేది కాదని ఆమె ముఖంలోనే తెలుస్తోంది.

"సరే, కూర్చోండి. కానీ ఆయనతో ఒక్క మాట మాట్లాడకండి. మీ గొంతు ఆయన పోల్చుకుంటారు. తెలిస్తే మీ చేత్తో పెట్టిన అన్నం కూడా తినరు."

అలా ముప్ఫై రెండేళ్ళు అరిచి బతికిన మనిషి, అరవై ఒకటో ఏట మాట్లాడకుండా ఒక మంచం పక్కన కూర్చున్నాడు.

మొదటి రోజు మేస్త్రీ రెండు మూడుసార్లు "ఎవరది?" అని అడిగాడు. బంట్రోతు ఆయన చెయ్యి మెల్లగా నొక్కాడు. పక్క మంచం రోగి తమ్ముడు, "ఎవరో మూగాయన తాతా, సంఘంవాళ్ళు పంపారంట" అన్నాడు. మేస్త్రీ తల పంకించాడు. ఆనాటినుంచి బంట్రోతు "మూగాయన" అయిపోయాడు.

ఆ మూగాయన చెంచాతో జావ పట్టేవాడు. మూతి తుడిచేవాడు. వీపు కింద చెయ్యి పెట్టి అటొకసారి ఇటొకసారి వత్తిగిలించేవాడు, పుండ్లు పడకుండా. బెడ్‌పాన్ పెట్టి తీసేవాడు. ఇవేవీ ఆయన తన ఇంట్లో ఎవరికీ చెయ్యలేదు. రెండోసారికి చేతులకు అలవాటైంది. సూది వేశాక పళ్ళెం ఖాళీ అయ్యేదాకా చూసి, ఆఖరి మెతుకు దాకా పెట్టి, ఆ తరవాతే లేచేవాడు.

చెవిటివాడు కాని మూగవాడు దొరికితే కబుర్లు చెప్పేవాడికి అంతకంటే ఏం కావాలి? మేస్త్రీ నోరు విప్పాడు. తాను కట్టిన గోడలన్నీ ఒక్కొక్కటే చెప్పాడు. ఏ గోడలో ఇసుక మోసం జరిగిందో, ఏ ఇంటి యజమాని టీ కూడా పొయ్యలేదో, ఎవరు గృహప్రవేశానికి పిలిచి కొత్త బట్టలు పెట్టారో అన్నీ గుర్తే.

"కోర్టు మెట్లు కట్టింది నేనే మూగన్నా. మూడో మెట్టు అరంగుళం ఎత్తొచ్చింది. ఇంజనీరు తొందరపెట్టాడు, పైవాళ్ళు వస్తున్నారని. కొట్టేసి మళ్ళీ కడతానంటే వద్దన్నాడు. ఎంతమంది తట్టుకుని పడ్డారో ఏమో. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది" అన్నాడు ఒక రోజు.

బంట్రోతు ఆ మెట్టు మీద రెండుసార్లు పడ్డాడు. ఒకసారి చేతిలో ఫైళ్ళ కట్టతో, జడ్జీగారి ఎదురుగా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

కొడుకు గురించి మేస్త్రీ ఒకేసారి చెప్పాడు. "వాడు పోయాక కోడలు పుట్టింటికి పోతుందనుకున్నాను. వాళ్ళు వచ్చి రమ్మన్నారు కూడా. 'మామయ్యకి సూది ఎవరు వేస్తారు?' అంది. అంతే, ఇక ఆ మాట మళ్ళీ రాలేదు." తరవాత దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు. బంట్రోతు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం వార్డు నిద్రమత్తులో ఉంది. బంట్రోతు మందులు తేవడానికి కిందికెళ్ళి వస్తున్నాడు. గుమ్మంలోంచి చూస్తే మేస్త్రీ మంచం అంచుకు జరిగి, పక్కకమ్మీ పట్టుకుని కాలు కిందికి దించబోతున్నాడు. దాహమేసి ఉంటుంది, బల్ల మీద గ్లాసు కోసం తడుముకుంటున్నాడు. ఇంకో జానెడు జరిగితే ఆ విరిగిన తుంటి మీదే పడతాడు. పరుగెత్తినా అందుకునేంత దగ్గర కాదు.

"కదలకండి మేస్త్రీగారూ!"

కోర్టు వరండా గొంతు అది. వార్డులో ఇరవై మంచాలూ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. నర్సు చేతిలో ట్రే గలగలమంది. మేస్త్రీ ఎక్కడివాడక్కడే ఆగిపోయాడు.

బంట్రోతు వచ్చి, ఆయన్ని భుజాలు పట్టి వెనక్కి పడుకోబెట్టి, గ్లాసు నోటికందించాడు. మేస్త్రీ తాగలేదు. చూపు లేని కళ్ళు పైకప్పు మీద నిలిపి ఉండిపోయాడు.

"ఆ రోజు గుమ్మంలో నిలబడింది నువ్వే" అన్నాడు.

"నేనే."

"ఎన్నాళ్ళుగా వస్తున్నావు?"

"ఇవాల్టికి తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజులు ఈ గొంతు పెట్టుకుని నోరు మూసుకు కూర్చున్నావా?"

"మీ కోడలు మాట్లాడొద్దంది."

మేస్త్రీ పెదవులు కదిలాయి. నవ్వబోయి మానుకున్నట్టుంది. "అది అంటే అంతే మరి" అన్నాడు.

బంట్రోతు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎంత చిన్నగా మాట్లాడగలడో అంత చిన్నగా అన్నాడు. "ఆ ఫారం రాసింది నేనే. ఆ మాట పెట్టింది నేనే. మంచికే అనుకున్నాను. నన్ను క్షమించండి."

"నువ్వు అడిగావు చూడు, అప్పుడు నా కోడలు కాసేపు ఆగింది" అన్నాడు మేస్త్రీ. "కళ్ళు లేనివాడికి ఆ ఆగడం కూడా వినిపిస్తుందయ్యా. ఆ తరవాత 'ఒకరు' అంది. ఆ మాట అనడానికి ఆ పిల్ల ఎంత చచ్చిపోయిందో నాకు తెలుసు. నన్ను భారం అన్నావు, అన్నావులే. అన్నం పెట్టలేనివాణ్ణి, ఆ మాటకి అలవాటు పడుండేవాణ్ణి. దాని నోటితో అనిపించావు. అది నీ తప్పు."

బంట్రోతు తల వంచుకున్నాడు. కాసేపటికి ఎందుకో తెలియకుండానే, "ఆ మూడో మెట్టు మీద నేను రెండుసార్లు పడ్డాను. మోకాలి చిప్ప మీద మచ్చ ఇంకా ఉంది" అన్నాడు.

ఈసారి మేస్త్రీ నిజంగానే నవ్వాడు. నవ్వితే తుంటి నొప్పెట్టి మూలిగాడు. "అయితే నీకూ నాకూ చెల్లు" అన్నాడు. మళ్ళీ ముఖం గంభీరమైంది. "నీకూ నా కోడలికీ మాత్రం చెల్లు కాదు. అది నువ్వూ అదీ చూసుకోవాలి. ఆ నీళ్ళిటివ్వు."

సాయంత్రం కాజాలమ్మాయి వచ్చాక బంట్రోతు వరండాలో ఆమెకు జరిగింది చెప్పాడు. క్షమించమని అడిగాడు.

ఆమె చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంది. దాన్ని కింద పెట్టలేదు. "ఆయన నాకు భారమని నేను ఒక్కనాడూ అనుకోలేదు" అంది. "మీ కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంటే సరుకులు రావేమోనని భయమేసింది. పాప మొహం చూసుకుని ఒకరు అన్నాను. ఇంట్లో ఒక మనిషిని అమ్మేసినట్టు అనిపించింది. తప్పయిందని మీరు అంటున్నారు. నన్నేం చెయ్యమంటారు? ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకూ దారి లేదు, మీకూ లేదు." క్యారియర్ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "గుమ్మంలో కాకుండా ఇంకెక్కడైనా కూర్చుని అడిగినా బాగుండేది. నేనే మంచినీళ్ళిచ్చి, పక్కింటికి తీసుకెళ్ళి అన్నీ చెప్పేదాన్ని" అని వార్డులోకి వెళ్ళిపోయింది.

మర్నాడు బంట్రోతు కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళి, మిగిలిన ఫారాల కట్ట హాజీగారి ముందు పెట్టాడు. జరిగిందంతా చెప్పాడు. హాజీగారు ఒక ఫారం తీసుకుని ఆరో ప్రశ్న చదివాడు. చేతిలో తుడుస్తున్న కళ్ళజోడు పక్కన పెట్టాడు.

"దీన్ని నేనూ చదివాను కదా. ఇంతమంది చూపు సరిచేస్తాను, నా కళ్ళకి ఇది కనపడలేదు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు పెద్దలు. మనం వీధి వీధంతా చాటింపు వేశాం" అన్నాడు.

ఫారాలు చించేశారు. ఇక మీదట ఎవరింటికి వెళ్ళినా ఆడవాళ్ళ దగ్గరికి ఆడవాళ్ళే వెళ్ళాలని, గుమ్మంలో నిలబడి ఏమీ అడగకూడదని, రాయవలసింది తిరిగొచ్చాక రాసుకోవాలని తీర్మానించారు. బంట్రోతు విచారణ పని మానుకుని వెనక గదిలో బస్తాలు తూచి పొట్లాలు కట్టే పని అడిగి తీసుకున్నాడు.

మేస్త్రీకి ఆపరేషన్ అయింది. బతికాడు. కానీ ఇక లేచి నడవలేడని తేలింది. సంఘం ముందు గదిలో మడిచి పెట్టిన రెండు చక్రాల కుర్చీల్లో ఒకటి ఆయనతో పాటు ఐస్ ఫ్యాక్టరీ సందులోకి వెళ్ళింది.

నెల తరవాత ఒక పొద్దున బంట్రోతు ఆ ఇంటికి వెళ్ళాడు. ఈసారి రమ్మన్నాకే లోపలికెళ్ళి, చాప మీద కూర్చున్నాడు.

"మేస్త్రీగారూ, సంఘం ముందర నాలుగు మెట్లున్నాయి. చక్రాల కుర్చీలు ఇచ్చేది మేమే, కుర్చీలో వచ్చినవాళ్ళు ఎక్కలేనిదీ మా మెట్లే. మొన్న కాళ్ళు లేని ఒకాయన్ని ఇద్దరం ఎత్తుకుని తీసుకొచ్చాం. ఆయన కళ్ళు మూసుకున్నాడు సిగ్గుతో. వాలుగా ఒక దారి కట్టించాలి. మీరు దగ్గరుండి కట్టిస్తారా?"

మేస్త్రీ గొంతు వచ్చినవైపు ముఖం తిప్పాడు. "ఇది నామీద జాలితో పెట్టిన పనా, పనికోసం పెట్టిన పనా?"

బంట్రోతు అబద్ధం చెబుదామనుకుని మానుకున్నాడు. "రెండూను" అన్నాడు.

"సరే. రెండోదానికి వస్తాను" అన్నాడు మేస్త్రీ.

అయిదు రోజులు పట్టింది. పొద్దున వ్యాను వచ్చి మేస్త్రీని తీసుకెళ్ళేది. ఇద్దరు కుర్రమేస్త్రీలు పని చేస్తుంటే, ఆయన కుర్చీలో కూర్చుని వాలు చూసే దారం ఒక కొస తన వేళ్ళ మధ్య పట్టుకునేవాడు. తాపీ గీరుకునే చప్పుడు విని, "నీళ్ళెక్కువ పోశావు, ఇసుక ఇంకో తట్ట వెయ్యి" అనేవాడు. మూడో రోజు నేల మీదకు దించమని, ముందుకు వంగి, తడి ఆరని సిమెంటు మీద అరచేత్తో పైనుంచి కిందిదాకా తడిమాడు. ఒకచోట చెయ్యి ఆగింది.

"ఇక్కడ ఎత్తొచ్చింది. కొట్టెయ్యండి."

"వేలెడంత కూడా లేదు తాతా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు కుర్రమేస్త్రీ.

"చక్రానికి తెలుస్తుంది. అది తెలిసీ వదిలేసినందుకు నాకు ఇంకో ముప్ఫై ఏళ్ళు నిద్ర పట్టదు. అన్నేళ్ళు నేనుండను. కొట్టెయ్యి."

కొట్టేశారు. మళ్ళీ కట్టారు. బంట్రోతు ఆ అయిదు రోజులూ ఇటుకలు అందించాడు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే చాప మీద భోంచేశారు. మేస్త్రీ తన పళ్ళెం తానే ఖాళీ చేసేవాడు. పని పూర్తయ్యాక హాజీగారు కూలీ కవరు చేతికిస్తే, మేస్త్రీ దాన్ని విప్పకుండా ఇంటికెళ్ళి కోడలి చేతిలో పెట్టాడు. ఆమె చాలా రోజుల తరవాత ఆ పూట పని పక్కన పెట్టి, మామగారి పక్కన కూర్చుని తింది. ఆ సంగతి ఎదురింటి ముసలావిడ చెబితే బంట్రోతుకు తెలిసింది.

ఆ తరవాత మేస్త్రీ నాలుగు నెలలున్నాడు. చలికాలం మధ్యలో ఊపిరితిత్తులకు నీరు పట్టి, రెండు రోజుల్లో, కోడలు చెయ్యి పట్టుకునే పోయాడు. స్నానం చేయించినవాళ్ళలో బంట్రోతు ఒకడు. వత్తిగిలించడం, వీపు కింద చెయ్యి పెట్టడం ఆయన చేతులకు తెలిసిన పనే. పాడె మోసి, మట్టి పోసి, పోయినవాడి కోసం దుఆ చదివి ఇంటికొచ్చి, భార్య ఎన్నిసార్లు పిలిచినా పలక్కుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పదిహేను రోజుల తరవాత, ఒక సోమవారం, కాజాలమ్మాయి సంఘానికి వచ్చింది. వచ్చి బల్ల ముందు నిలబడింది. బంట్రోతు ఒక్కడే ఉన్నాడు. కుర్చీ చూపించాడు. కూర్చుంది.

"మాకిచ్చే సరుకులు తగ్గించండి. ఇక ముగ్గురం కాదు, ఇద్దరం" అంది.

"అంత తొందరేం లేదమ్మా. ఈ నెలకి అలాగే ఉండనీ."

"వద్దండి. ఆయన వాటా ఇంకెవరికైనా వెళ్ళాలి. గిన్నెలో అన్నం మిగిలితే నేను చూడలేను."

బంట్రోతు పుస్తకం తీశాడు. ఆ ఇంటి పేజీ వెతికి, మూడు అన్నచోట రెండు అని రాశాడు. రాయడానికి చాలాసేపు పట్టింది. ఆమె అది చూస్తూ కూర్చుంది.

"మీరొక మాట అడుగుదామని ఉన్నారు. అడగకండి. క్షమించానో లేదో నాకే తెలీదు. పొద్దున లేస్తే ఒకలా ఉంటుంది, సాయంత్రానికి ఒకలా ఉంటుంది. మామయ్య మీతో నవ్వుతూ మాట్లాడారు. అది ఆయన పెద్దమనసు" అంది.

"అడగనమ్మా" అన్నాడు బంట్రోతు.

ఆమె కొంగు సర్దుకుంది. "ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళడానికి ఆడమనిషి కావాలంటున్నారంట, హాజీగారి భార్య చెప్పింది. గురువారాలు నాకు కుట్టుపని తక్కువ. నేను వెళ్తాను."

బంట్రోతు తలెత్తి చూశాడు.

"మీతో కలిసి కాదు. నేనొక్కదాన్నే వెళ్తాను. వచ్చాక మీకు చెబుతాను, మీరు రాసుకోండి. మీ చేతిరాత బాగుంటుందన్నారు."

"సరేనమ్మా" అన్నాడు.

ఆమె లేచింది. వెనక గదిలోంచి ఎవరో బియ్యం బస్తా ఎత్తలేక బంట్రోతుగారూ అని కేకేశారు. ఆయన పుస్తకం మూసి అటు వెళ్ళాడు. ఆమె పాప బడి వదిలే వేళ అవుతోందని బయటికి నడిచింది.